తెలుగునాటి మొక్కల చరిత్ర వ్రాసిన విలియం రాక్స్‌బర్గ్

లోకమున మనము నిత్యము చూచుచున్నను నిజముగా చూడని వస్తువులు పెక్కు కలవు. పాఠశాలకు వచ్చు బాటకు ఇరువైపుల పెరుగు జిల్లేటి పొద యట్టిది. వినాయకచవితినాడు పత్రికొఱకును, రథసప్తమినాడు స్నానమునకు ఆకులకొఱకును తప్ప తక్కిన దినములలో దాని మొగము చూచువారు లేరు. పశువులు దానిని మేయవు. పిల్లలు ఎండిన కాయను పగులగొట్టి, పట్టువంటి దూదిని గాలిలోనికి ఊది ఆనందింతురు. అంతటితో దాని కథ ముగియును.

అయితే అట్టి పొదలను, చేనిగట్ల కలుపుమొక్కలను, మెట్టనేలల ముండ్లచెట్లను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాని పూవులను విప్పి చూచి, రూపములను చిత్రింపించి, వానిని తెలుగువారు ఏమని పిలుతురో అడిగి తెలిసికొని గ్రంథస్థము చేసిన మహనీయు డొకడు పూర్వ ముండెను. ఆయన తెలుగువాడు కాడు. ఈ దేశమువాడును కాడు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్రమునకు ఆయనను పితగా విద్వాంసులు గౌరవింతురు. ఆయన జీవితమున సుమారు పండ్రెండేండ్ల కాలము గోదావరీమండలమందలి సామర్లకోట ప్రాంతమున గడచెను. ఆ చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి ఎయిర్‌షైరు మండలమున, క్రెయిగీ అను గ్రామప్రాంతమున జన్మించెను. యౌవనమున ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున వైద్యునకు వృక్షశాస్త్రజ్ఞానము తప్పనిసరి. ఔషధములలో చాలభాగము వేళ్లనుండియు, పట్టలనుండియు, ఆకులనుండియు తీయబడుచుండెను గదా. జాన్ హోప్ అను ఆచార్యు డచ్చట వృక్షశాస్త్రమును బోధించుచుండెను. స్వీడను దేశపు లిన్నేయసు పండితుడు ఏర్పఱచిన క్రొత్త వర్గీకరణపద్ధతిని ఆయన తన శిష్యులకు నేర్పెను. ఆ పద్ధతిలో చెట్టు పొడవును, ఆకుల పరిమాణమును చూచి కులము నిర్ణయింప వలనుపడదు. పూవును విప్పవలయును. లోపల కేసరము లెన్ని, అవి విడివిడిగా నున్నవా, కలిసి యున్నవా, కీలము లెన్ని అని లెక్కింపవలయును. ఈ శిక్షణయే రాక్స్‌బర్గు జీవితమునకు పునాది యయ్యెను.

చదువు ముగియకముందే ఆయన ఈస్టిండియా కంపెనీ ఓడలలో సహాయవైద్యుడుగా సముద్రయానము చేసెను. 1776లో చెన్నపట్టణమునకు వచ్చి కంపెనీ వైద్యశాఖలో చేరెను. అచ్చట రోగులను చూచుటతో తృప్తిపడక, వాయుభారమును, వేడిమిని, గాలి దిక్కును, వానను ప్రతిదినము మాఱుమాఱు కొలిచి పట్టికలుగా వ్రాసెను. ఆ పట్టికలను లండనునందలి రాయల్ సొసైటీవారు 1778లో ప్రకటించిరి. వాన కురిసినదని అందఱును చెప్పుదురు. ఎంత కురిసినదో కొలిచి వ్రాయువాడు శాస్త్రజ్ఞుడు. ఆ యలవాటు ఆయనను తుదివఱకు విడువలేదు.

1781లో కంపెనీవారు ఆయనను సామర్లకోటకు పంపిరి. కుమారారామ భీమేశ్వరుని ఆలయముచే ప్రసిద్ధమైన ఆ యూర అప్పుడు కంపెనీ సేన యుండెడిది. సైనికులకు చికిత్స చేయుట ఆయన ఉద్యోగము. తీరిక దొరికిన ప్రతి ఘడియయు ఆయన చెట్లమధ్య గడపెను. ఒక ప్రక్క పచ్చని వరిమళ్లు, ఒక ప్రక్క మెట్టపొలములు, కొంత దూరమున మన్యపు కొండలు, మఱొక దిక్కున సముద్రము, మడయడవులు. వృక్షశాస్త్రజ్ఞునకు ఇంతకంటె మంచి చోటు దొరకుట యరుదు. అచ్చట ఆయన ఒక తోటను నెలకొల్పి మిరియములు, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, పట్టుపురుగులకు వలయు కంబళిచెట్టు మున్నగువానిని పెంచి పరీక్షించెను. కంపెనీవారికి వీనివలన వ్యాపారలాభము కావలసియుండెను. రాక్స్‌బర్గునకు ఆ లాభముతోపాటు జ్ఞానమును కావలసియుండెను.

ఆయనకు ముందే ఈ తీరమున చెట్లను పరిశోధించినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఇతడు లిన్నేయసు శిష్యుడు. 1768లో తమిళనాటి తీరమందలి తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, పిదప కంపెనీ కొలువున చేరెను. 1785లో ప్రయాణమధ్యమున వ్యాధిగ్రస్తుడై కాకినాడచెంతనున్న జగన్నాథపురమున మరణించెను. కడపటి దినములలో ఆయనకు చికిత్స చేసినవాడు రాక్స్‌బర్గే. కోనిగ్ తన వ్రాతప్రతులను లండనునందలి జోసెఫ్ బ్యాంక్స్ పండితునకు చెందునట్లు చేసి కన్నుమూసెను. ఒక తరము పరిశోధకుడు రాలిపోవుచుండగా, అతని పనిని అందుకొనుటకు వేఱొకడు మంచముచెంత నిలిచియుండెను. విద్య యిట్లే ఒక చేతినుండి మఱొక చేతికి సంక్రమించును.

అటుపిమ్మట రెండేండ్లకు రాక్స్‌బర్గునకు గొప్ప విపత్తు సంభవించెను. 1787 మే నెలలో కోరంగి ప్రాంతమున భయంకరమైన తుపాను వీచెను. సముద్రము పొంగి ఊళ్లమీద పడెను. ఆ యుప్పెనలో ఇరువదివేలమంది మరణించిరని అప్పటివారి లెక్క. యానామునకు పొరుగుననున్న ఇంజరములో కంపెనీవారి వస్త్రవ్యాపారకేంద్ర ముండెడిది. ఇంజరమును ముంచిన వఱదలో రాక్స్‌బర్గు సేకరించిన మొక్కలు, పుస్తకములు, కాగితములు నాశనమయ్యెను. ఏండ్లతరబడి ఎండబెట్టి, కాగితములకు కుట్టి, పేళ్లు వ్రాసి దాచుకొనిన సొత్తు ఒక్క రాత్రిలో బురదపాలైనప్పుడు మనిషి మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. ఇంటికి మరలిపోయినను ఆయనను నిందించువారు లేరు. ఆయన మరలిపోలేదు. మొదటి మొక్కనుండి పని మరల ప్రారంభించెను. నేడు లోకము మెచ్చు ఆయన గ్రంథములన్నియు ఈ యుప్పెన తరువాత సిద్ధమైనవే.

కోనిగ్ మరణానంతరము కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి ప్యాట్రిక్ రస్సెలునకు లభించియుండెను. విశాఖపట్టణమున నివసించి ఈ దేశపు పాములనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసినవా డితడే; మన రక్తపింజరికి పాశ్చాత్యులు ఈయన పేరే పెట్టిరి. రస్సెలు పిదప 1789 ప్రాంతమున ఆ పదవి రాక్స్‌బర్గునకు వచ్చెను. అప్పటినుండి మొక్కల చిత్రలేఖనము విరివిగా సాగెను. ఈ దేశపు చిత్రకారులను ఆయన జీతమిచ్చి నియమించెను. అడవినుండి కొమ్మను తెప్పించుట, అది వాడకముందే చిత్రింపించుట, తాను పూవును విప్పి భాగములను చూపుట, ఆ భాగములను చిత్రముక్రింద విడివిడిగా వ్రాయించుట, ప్రక్కన లాటిను పేరును, తెలుగు పేరును, ఉపయోగములను వ్రాయుట ఆయన పద్ధతి.

విద్యార్థులారా, పూవును విప్పి చూచుట యనగా ఏమో తెలియవలెనన్న మనకు దూరముపోవలసిన పని లేదు. జిల్లేటిపూవునే తీసికొందము. అయితే ముందుగా నొక మాట. జిల్లేటిపాలు విషము; కంటబడినచో చూపునకే ప్రమాదము. కావున పెద్దలు చెంతనుండగా మాత్రమే పూవును కోయవలెను, పాలు తుడిచివేయవలెను, చేతులు సబ్బుతో కడుగుకొనునంతవఱకు కన్ను ముట్టరాదు.

జిల్లేటిమొగ్గ అయిదు మూలలు గల చిన్న పెట్టెవలె నుండును. అది విచ్చుకొనినప్పుడు మైనముతో చేసినట్లుండు అయిదు ఆకర్షకపత్రములు వెలుపలికి వంగును. కొన్నిపొదల పూవులు ఊదావన్నెగా నుండును. కొన్ని తెల్లగా నుండును. మధ్యభాగమున ఒక కిరీటము నిలిచియుండును. దీనికి అయిదు కండగల దళములు. ఒక్కొక్క దళము ప్రక్కలకు నొక్కిన పడవవలె నుండి, అడుగున చిన్న తోకవలె పైకి చుట్టుకొనియుండును. కిరీటముపైన అయిదు కోణములు గల చదునైన పీఠ మొకటి కనబడును. సాధారణముగా పూవులలో కేసరములు వేఱు, కీలము వేఱు. మందారపూవులోను, ఉమ్మెత్తపూవులోను వానిని సులభముగా గుర్తింపగలము. జిల్లేటిలో నట్లు కాదు. కేసరములును కీలాగ్రమును ఒక్కటిగా అతుకుకొని ఆ పీఠముగా ఏర్పడినవి. అందుచేతనే మొదటిసారి చూచువారు పుప్పొడి యెక్కడనున్నదో కనుగొనలేక తికమకపడుదురు.

జిల్లేటిపుప్పొడి పొడిగా రాలునది కాదు. అది మైనపుముద్దలుగా గట్టిపడి యుండును. పీఠముయొక్క అయిదు మూలలందును అయిదు నల్లని చుక్కలవంటి చిన్న పట్టుకాఱులు కలవు. ఒక్కొక్కదానికి రెండు సన్నని చేతులు, ఆ చేతుల చివర రెండు పుప్పొడిముద్దలు. పట్టుకాఱుక్రింద సన్నని చీలిక యుండును. పెద్ద నల్లతుమ్మెద తేనెకొఱకు వచ్చి పూవుమీద కాళ్లు మోపినప్పుడు దాని కాలో, మూతియో ఆ చీలికలో జిక్కును. తుమ్మెద బలముగా లాగుకొనగా పట్టుకాఱు దానికి తగులుకొని, పుప్పొడిముద్దల జంటతో సహా ఊడివచ్చును. ఆ తుమ్మెద మఱొక పూవుమీద వ్రాలినప్పుడు ముద్ద అచ్చటి చీలికలో దూరి నిలుచును. అప్పుడు గాని కాయ కట్టదు. బలములేని చిన్న పురుగులు చీలికలో జిక్కి ఒక్కొక్కప్పుడు మరణించుటయు కలదు. సన్నని సూదిమొనతో నల్లచుక్కను మెల్లగా పైకెత్తినచో ముద్దల జంట బయటికివచ్చుట మనము చూడవచ్చును. ఒక చిన్న భూతద్దమున్న చాలును. ఇంతటి యంత్రము మన బాటప్రక్కనే పనిచేయుచున్నదని తెలిసినపిమ్మట ఆ పొదను మునుపటివలె చూడగలమా?

ఇట్టి నిర్మాణముగల పూవుల గుట్టును యూరపులో శ్రద్ధగా పరిశీలించినవారిలో రాబర్ట్ బ్రౌను ముఖ్యుడు. ఈయన 1810లో ప్రకటించిన పరిశోధనలో జిల్లేటి ప్రజాతికి కాలొట్రోపిస్ అని పేరు పెట్టెను. అందమైన పడవయడుగు కలది యని ఆ గ్రీకుమాటలకు అర్థము. కిరీటదళముల రూపమే దానికి కారణము. అదే పరిశోధనలో మఱొక చిన్న మొక్కకును ఆయన ప్రజాతినామము నిచ్చెను. దాని కథ మనకు మఱింత ముఖ్యము.

మెట్టనేలలందు రాళ్లసందుల, పొదలనీడ ఆకులులేని పలుకల కాడలతో నొక మొక్క పెరుగును. కాడకు నాలుగు పలుకలు. అయిదు రేకులుగల దాని చిన్నపూవును దగ్గఱగా చూచినచో జిల్లేటికి చుట్టమని తెలియును. పల్లెవారు దాని కాడలను పచ్చివిగానే తిందురు. కరవుకాలమున అది పేదవారికి ఆహారముగా ఉపకరించినది. రాక్స్‌బర్గు దానిని చిత్రింపించి 1795లో తన గ్రంథమున ప్రకటించెను. తెలుగువారు దానిని కారల్లము అందురని ఆంగ్లలిపిలో వ్రాసెను. బ్రౌను ఆ మొక్కకు క్రొత్త ప్రజాతిని ఏర్పఱచునప్పుడు గ్రీకుపేరు వెదకలేదు, లాటినుపేరు కల్పింపలేదు. రాక్స్‌బర్గు వ్రాసియుంచిన తెలుగుమాటనే గ్రహించి కారల్లుమా అని నామకరణము చేసెను. సోమిద చెట్టునకును ఇట్టి భాగ్యమే కలిగెను. దాని పట్టను జ్వరములకు సింకోనాకు బదులుగా వాడవచ్చునని రాక్స్‌బర్గు పరీక్షించెను. తరువాతి శాస్త్రజ్ఞులు దాని ప్రజాతికి సోయ్‌మిడా అని పేరిడిరి. కారల్లుమాను మఱొక ప్రజాతిలో కలుపవలెనని 2017 నుండి కొందఱు శాస్త్రజ్ఞులు వాదించుచున్నారు. వర్గీకరణములు మాఱవచ్చును. రెండువందల యేండ్లకు మించి ప్రపంచమందలి వృక్షశాస్త్రజ్ఞులు తెలుగుమాటను పలుకుచు వచ్చిన మాట మాత్రము మాఱదు.

ఆ మాటను రాక్స్‌బర్గునకు చెప్పినదెవరు? పశువులుగాచు పిల్లవాడో, మందులు నూఱు వైద్యుడో, కట్టెలు తెచ్చు స్త్రీయో అయియుండవచ్చును. వారి పేళ్లు గ్రంథమున కెక్కలేదు. చిత్రములు వ్రాసినవారి పేళ్లును వానిపైన లేవు. మూడువందల చిత్రములతో కోరమాండలుతీరపు మొక్కలు అను ఆ మహాగ్రంథము 1795 మొదలు 1820 వఱకు మూడు సంపుటములుగా లండనులో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున వెలువడెను. అందు ఒక్కొక్క ఆకు ఈనెయు, పూవులోని ఒక్కొక్క కేసరమును ఈ దేశపు చేతులు వ్రాసినవే. గ్రంథమును స్తుతించునప్పుడు ఆ యనామకులను మఱచుట న్యాయము కాదని మా యభిప్రాయము. రాక్స్‌బర్గు వారి పేళ్లను గూడ వ్రాసియుండినచో ఆయన కీర్తికి కొఱత కలిగియుండెడిది కాదు.

ఆయన పూవులను మాత్రమే చూచి మనుష్యులను చూడనివాడని తలపరాదు. 1789 మొదలు 1792 వఱకు వానలు సరిగా కురియక ఉత్తరసర్కారులు ఘోరమైన క్షామమునకు గుఱియయ్యెను. ఆ కాలపు కరవునకే పుఱ్ఱెల కరవని పేరు వచ్చెను. చచ్చినవారిని పూడ్చుటకు గూడ దిక్కులేక ఎముకలు బయళ్లలో చెదరియుండుటచే ఆ పేరు కలిగెనందురు. రాక్స్‌బర్గు సామర్లకోటలో వానను కొలిచి వ్రాయుచునేయుండెను. కనుల యెదుట ప్రజలు నశించుచుండిరి. ఒక్క వరిపంటమీదనే ఆధారపడిన దేశమునకు వాన తప్పినప్పుడు వేఱు దిక్కు ఉండవలెనని ఆయన భావించెను. బాటలవెంబడిని, కాలువగట్లమీదను కొబ్బరి, తాటి, ఈత, సగ్గు, పనస, అరటి మొదలైన ఆహారవృక్షములను విరివిగా నాటింపవలెనని కంపెనీ యధికారులకు సూచించెను. కంపెనీవారి దృష్టి పన్నులమీదను, ఎగుమతులమీదను ఉండెను. ఆయనయు ఆ కంపెనీ సేవకుడే. వారి లాభముకొఱకు మిరియపుతోటలు వేసినవాడే. ఈ రెండును ఆయన చరిత్రలో ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిని చెప్పి మఱొకదానిని దాచుట చరిత్ర కాదు.

రైతుల పనితనమును ఆయన గౌరవించెను. రాజమహేంద్రవరపు సీమలో చెఱకు నాటుటనుండి బెల్లము, చక్కెర తీయువఱకు జరుగు పనులన్నింటిని చూచి వివరముగా వ్రాసెను. చిరివేరునుండి ఎఱ్ఱరంగు తీసి బట్టలకు అద్దు విధానమును దశలవారీగా వర్ణించెను. కలంకారీవంటి అద్దకములకు తెలుగుతీరము పేరుగాంచుటకు ఆ చిన్న మొక్కయొక్క వేరే కారణమని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. పాలచెట్టు ఆకులనుండి నీలిరంగు తీయవచ్చునని పరీక్షలు చేసి చూపెను.

1793లో ఆయన కలకత్తానగరమునకు చేరువను, హుగ్లీనదీతీరమున శిబ్‌పూరులోనున్న కంపెనీ తోటకు అధికారిగా నియమింపబడెను. 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన ఆ తోటయే 2009లో ఆచార్య జగదీశ చంద్రబోసుగారి పేర పిలువబడిన భారతీయ వృక్షోద్యానము. రాక్స్‌బర్గు ఇరువదియేండ్లు దానిని పోషించి సుమారు 3,500 జాతుల మొక్కలకు నిలయము గావించెను. జనుపనారయొక్క విలువను కంపెనీవారికి తెలిపినవారిలో ఆయన యొకడు. ఆయన చేయించిన చిత్రములు మొత్తము రెండువేల అయిదువందలకు మించినవి. సాలవృక్షమునకు షోరియా రోబస్టా అని పేరిడినవాడును ఆయనయే.

ఆయనకు ఉత్తమమిత్రుడు శ్రీరామపురమందలి విలియం కేరీ. ఈయన బహుభాషావేత్త, తోటపనియందు మిక్కిలి ప్రీతికలవాడు. ఆ తోటలోని మొక్కల పట్టికను హోర్టస్ బెంగాలెన్సిస్ అను పేరుతో 1814లో కేరీయే అచ్చువేయించెను. అదే సంవత్సరమున కేరీ రచించిన తెలుగు వ్యాకరణమును శ్రీరామపురముననే వెలువడెను. ఒకే యేట, ఒకే చోట, ఒకే వ్యక్తి ప్రయత్నముచే రాక్స్‌బర్గు మొక్కల పట్టికయు తెలుగుభాష వ్యాకరణమును అచ్చగుట చూచినచో, భాషయు ప్రకృతియు ఒకదానికొకటి దూరమైనవి కావని తోచును.

రాక్స్‌బర్గు ఆరోగ్యము పలుమాఱు చెడెను. స్వదేశమునకు పోయివచ్చి మరల పనిలో దిగుచుండెను. తుదకు 1813లో భారతదేశమును విడిచెను. దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున ఆగినప్పుడును ఊరకుండక అచ్చటి మొక్కల పట్టికను సిద్ధపఱచెను. 1815లో ఎడింబరో నగరమున మరణించెను. గ్రేఫ్రయర్సు శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ఆయన జీవితకాలపు కృషి యగు ఫ్లోరా ఇండికా అను గ్రంథమును ఆయన కన్నులార చూడలేదు. దానిలో కొంతభాగము కేరీ, వాలిచ్ పండితుల ప్రయత్నముచే 1820లోను 1824లోను, సంపూర్ణముగా కేరీచే 1832లోను ప్రకటింపబడెను. హిమాలయములమీద పెరుగు సరళవృక్షమునకు నేటికిని శాస్త్రమున పైనస్ రాక్స్‌బర్గియై అని ఆయన పేరే వ్యవహారము.

ఫ్లోరా ఇండికాలో ఒక విశేషము కలదు. మొక్కయొక్క లాటినుపేరు క్రింద సంస్కృతపు పేరు, వంగపు పేరు, తెలుగు పేరు దొరకినంతవఱకు ప్రక్కప్రక్కన వ్రాయబడినవి. ఒక భాష పేరు మఱొక భాష పేరును త్రోసివేయలేదు. ఇతరభాషలు మాటలాడువారి నడుమ తరతరములుగా నివసించుచున్న మనకు ఇది గ్రహింపదగిన విషయము. మనము జిల్లేడు అనుదానిని తమిళులు ఎరుక్కు అందురు. కన్నడిగులు ఎక్క యందురు. మహారాష్ట్రులు రుయి యందురు. ఒరియావారు అరఖ యందురు. వీధిలో ఎరుక్కు అని పలికిన పిల్లవాడు ఇంట జిల్లేడు అనుట మానవలసిన పని లేదు. రెండు పేళ్లు తెలిసినవానికి ఒక మొక్కతో రెండు చుట్టరికములు.

కొందఱు తల్లిదండ్రులు తెలుగు ఇంటిలో మాటలాడుకొనుటకే కాని శాస్త్రమునకు పనికిరాదని తలచుట మేము వినుచుందుము. అట్టివారు కారల్లమును, సోమిదను తలచుకొందురుగాక. పండితు డెవ్వడును కూర్చుండి ఆ మాటలను కల్పింపలేదు. మొక్కను రోజును చూచి, తిని, మందుగా వాడి, దాని గుణ మెఱిగిన సామాన్యులు వానిని నిలిపిరి. చూచి అడిగి వ్రాసికొనువా డొకడు వచ్చుటచే అవి లోకమున కెక్కెను. అట్లు వ్రాయబడకుండ నశించిన పేళ్లెన్నియో! ఊరినుండి వలసవచ్చిన కుటుంబములలో మొదట మఱచిపోవునవి చెట్ల పేళ్లే. తాతకు ఇరువది తీగల పేళ్లు తెలియును, తండ్రికి పది, పిల్లవానికి రెండు.

కావున విద్యార్థులు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఇంటిలోని అవ్వతాతల నడిగి, మన చుట్టుపట్ల పెరుగు మొక్కల తెలుగు పేళ్లను ఒక నోటుపుస్తకమున వ్రాయుడు. ప్రక్కన ఈ ప్రాంతపు భాషలోని పేరును వ్రాయుడు. పూవును దగ్గఱగా చూచి రేకు లెన్నియో, కేసరము లెన్నియో లెక్కించి బొమ్మ వేయుడు. ఎవరు చెప్పిరో వారి పేరును గూడ తప్పక వ్రాయుడు. రాక్స్‌బర్గు చేయక విడిచిన పని అది యొక్కటియే.